టీవీ పెద్దదే, మాట మాత్రం వినబడట్లేదా? హోం థియేటర్ కనెక్షన్లు ఇంట్లోనే ఇలా సరిచేసుకోండి

కొత్త టీవీ గోడకెక్కుతుంది. బొమ్మ అద్దంలా ఉంటుంది. రెండు రోజులు గడిచాక ఇంట్లో నానీయో దాదీయో మెల్లగా అంటారు: "బొమ్మ బాగుంది బేటా, వాడేం మాట్లాడుతున్నాడో అర్థం కావట్లేదు." వాల్యూమ్ పెంచితే పాట వచ్చినప్పుడు ఇల్లు అదిరిపోతుంది. తగ్గిస్తే మాటలు గుసగుసలైపోతాయి. షాపుకు వెళితే ఇంకా పెద్ద సెట్టు చూపిస్తారు. ఈలోగా, ఎప్పుడో కొన్న హోం థియేటర్ అటక మీద దుమ్ము పట్టి ఉంటుంది.

చాలా ఇళ్లలో అసలు ఇబ్బంది సామాను తక్కువై రాదు. తప్పు పోర్టులో పెట్టిన వైరు, టీవీలో మార్చని ఒకటి రెండు సెట్టింగులు, సరైన చోట లేని స్పీకరు - వీటి వల్లే వస్తుంది. కొత్తది కొనే ముందు ఉన్నదాన్ని సరిగా కలిపి చూడాలి. అది ఎలాగో, ఒక్కో మెట్టూ ఇక్కడ చూద్దాం.

మాట ఎందుకు వినబడదు?

పాత డబ్బా టీవీలో స్పీకరు ముందు వైపు ఉండేది. ఇప్పటి టీవీలు పలచన. స్పీకర్లు చిన్నవి, అవి కూడా ఎక్కువగా కింది వైపుకో వెనక గోడ వైపుకో తిరిగి ఉంటాయి. శబ్దం గోడకు తగిలి తిరిగొచ్చేసరికి అక్షరాలు మసకబారతాయి.

రెండో కారణం సినిమా సౌండ్. 5.1 అంటే అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్. అందులో మాటల్లో ఎక్కువ భాగం మధ్య స్పీకరుకే పంపుతారు. దాన్ని అంటారు సెంటర్ అని. ఆ సెంటర్ స్పీకరు వైరు ఊడిపోయినా, దాన్ని అల్మారా లోపల పెట్టేసినా సంగీతం వస్తుంది, మాట పోతుంది. టీవీలో సెట్టింగు తప్పుగా ఉన్నా ఇదే జరుగుతుంది.

ముందు ఫొటోలు తీసుకోండి

టీవీ వెనక, సెట్‌టాప్ బాక్స్ వెనక, హోం థియేటర్ వెనక ఫోన్ టార్చ్ వేసి ఒక్కో ఫొటో తీయండి. పోర్టు పక్కన రాసిన అక్షరాలు కనబడాలి. షాపుకు వెళ్లినా, తెలిసినవాళ్లకు ఫోన్ చేసినా ఈ మూడు ఫొటోలు ఉంటే సగం పని అయిపోయినట్టే.

ఫొటోలో మొదట చూడాల్సింది 'ఇన్', 'అవుట్' అనే రెండు మాటలు. ఇన్ అంటే ఆ పరికరంలోకి వచ్చేది. అవుట్ అంటే దాన్నుంచి బయటికి పోయేది. ఒకదాని అవుట్ నుంచి ఇంకోదాని ఇన్‌లోకి వైరు వెళ్లాలి. ఇప్పటి టీవీల్లో ఉండే ఎరుపు, తెలుపు, పసుపు పోర్టులు చాలావరకు ఇన్‌లే. వాటి నుంచి హోం థియేటర్‌కు వైరు లాగితే ఎంతసేపు చూసినా శబ్దం రాదు. ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే.

ఏ పోర్టు ఏం పని చేస్తుంది?

హెచ్‌డీఎంఐ: బొమ్మ, శబ్దం రెండూ ఒకే వైరులో వెళ్తాయి. సెట్‌టాప్ బాక్స్, ఫైర్ స్టిక్, గేమ్ బాక్స్, బ్లూ-రే ప్లేయర్ అన్నీ దీంతోనే టీవీకి కలుస్తాయి.

హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ: అందరూ 'ఆర్క్' అంటారు. టీవీకి ఉన్న రెండు మూడు హెచ్‌డీఎంఐ పోర్టుల్లో సాధారణంగా ఒక్కదాని పక్కనే ఈ అక్షరాలుంటాయి. దీని ప్రత్యేకత ఏంటంటే, టీవీలోని శబ్దం ఇదే వైరులో వెనక్కి, సౌండ్‌బార్‌కో హోం థియేటర్‌కో పోతుంది. 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4తో ఈ సదుపాయం మొదలైంది. 2017లో ప్రకటించిన 2.1తో దీని పెద్దన్న 'ఈ-ఆర్క్' వచ్చింది. అది కుదించని మల్టీచానెల్ శబ్దాన్ని కూడా మోస్తుంది. మామూలు ఇంటికి ఆర్క్ చాలు.

ఆప్టికల్: చిన్న చతురస్రం పోర్టు, లోపల ఎర్రటి వెలుగు కనబడుతుంది. శబ్దం కాంతి రూపంలో వెళ్తుంది. స్టీరియో, డాల్బీ డిజిటల్ 5.1 వరకు వస్తాయి. వైరు మొనకు ప్లాస్టిక్ టోపీ ఉంటుంది, తీసి పెట్టాలి. వైరును గట్టిగా మడిస్తే లోపల విరిగిపోతుంది.

కోయాక్సియల్: ఆప్టికల్ చేసే పనినే గుండ్రటి పిన్నుతో చేస్తుంది. డిష్ వైరు పేరూ ఇదే కాబట్టి కంగారు పడొద్దు, రెండూ వేరు.

ఎరుపు-తెలుపు పిన్నులు: ఎరుపు కుడి, తెలుపు ఎడమ. పసుపు బొమ్మకు. ఇది పాత పద్ధతి, స్టీరియో శబ్దం మాత్రమే వస్తుంది.

ఆక్స్: హెడ్‌ఫోన్ పెట్టే 3.5 మిల్లీమీటర్ల రంధ్రం. ఇది కూడా స్టీరియోనే. టీవీ హెడ్‌ఫోన్ పోర్టు నుంచి హోం థియేటర్ ఆక్స్‌లోకి పెడితే పని జరుగుతుంది.

యూఎస్‌బీ: పెన్‌డ్రైవ్ కోసం. టీవీ యూఎస్‌బీ నుంచి హోం థియేటర్ యూఎస్‌బీకి వైరు కలిపితే శబ్దం వెళ్లదు.

బ్లూటూత్: వైరు గొడవ లేదు. కానీ శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది. ఫోన్‌లో ఖిరాత్ వినడానికి బాగుంటుంది. టీవీలో మనిషి పెదాలు ముందు కదిలి మాట తర్వాత వస్తే మాత్రం చికాకు.

ఒకే సూత్రం: బొమ్మలన్నీ టీవీలోకి, శబ్దం ఒకే వైరులో బయటికి

సెట్‌టాప్ బాక్స్ శబ్దం ఒక వైరులో, ఫైర్ స్టిక్ శబ్దం ఇంకో వైరులో హోం థియేటర్‌కు లాగితే చివరికి ఇంట్లో ఒక్కరికే అది నడపడం వస్తుంది. దానికన్నా అన్నిటినీ హెచ్‌డీఎంఐతో టీవీకి కలిపి, టీవీ నుంచి ఒక్క వైరుతో శబ్దాన్ని బయటికి తీయడం మేలు. యాప్ పెట్టినా, డిష్ పెట్టినా శబ్దం ఒకే చోట నుంచి వస్తుంది. పాత రిసీవర్లు 4కే బొమ్మను సరిగా దాటించలేవు, ఆ తలనొప్పి కూడా ఉండదు.

ఆ ఒక్క వైరు ఏది అన్నది మీ సామాను బట్టి ఉంటుంది.

మొదటి రకం, రెండు వైపులా ఆర్క్ ఉంటే: టీవీ ఆర్క్ పోర్టు నుంచి సౌండ్‌బార్ లేదా హోం థియేటర్ ఆర్క్ పోర్టుకు ఒక హెచ్‌డీఎంఐ వైరు. అంతే. హోం థియేటర్ మీద అది 'హెచ్‌డీఎంఐ అవుట్' అని ఉన్నా పక్కన ఏఆర్‌సీ అక్షరాలుంటే సరైనదే.

రెండో రకం, ఆర్క్ లేకపోయినా ఆప్టికల్ ఉంటే: టీవీ ఆప్టికల్ అవుట్ నుంచి హోం థియేటర్ ఆప్టికల్ ఇన్‌కు. ఈ పద్ధతిలో చాలాసార్లు టీవీ రిమోట్‌తో శబ్దం తగ్గదు, హోం థియేటర్ రిమోట్ దగ్గర పెట్టుకోవాలి.

మూడో రకం, రెండూ లేకపోతే: పాత డీవీడీ హోం థియేటర్లు, లోకల్ 5.1 సెట్లు ఎక్కువగా ఇలాంటివే. టీవీకి హెడ్‌ఫోన్ పోర్టు ఉంటే ఒక వైపు 3.5, ఇంకో వైపు ఎరుపు-తెలుపు ఉన్న వైరు కొంటే సరిపోతుంది. టీవీకి ఆప్టికల్ మాత్రమే ఉండి, హోం థియేటర్‌కు ఎరుపు-తెలుపు మాత్రమే ఉంటే మధ్యలో 'డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్' అనే అగ్గిపెట్టెంత డబ్బా కావాలి. కోఠి గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో, ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. దాన్ని వాడేటప్పుడు టీవీ ఆడియో సెట్టింగులో 'పీసీఎం' ఎంచుకోవాలి. ఆటో లేదా డాల్బీ మీద ఉంచితే డబ్బా మూగగా ఉంటుంది, లేదా గరగర వస్తుంది. డబ్బా పాడైందని తిరిగిచ్చేవాళ్లలో చాలామంది ఈ సెట్టింగు చూడనివాళ్లే.

ఒక మాట గుర్తుంచుకోవాలి. ఎరుపు-తెలుపు వైరుతో వచ్చేది రెండు చానెళ్ల శబ్దం. అయిదు స్పీకర్లూ మోగినా అది నిజమైన 5.1 కాదు, అదే శబ్దాన్ని అన్నిటికీ పంచడం. వార్తలకు, బయాన్‌కు, సీరియళ్లకు దానితో లోటు ఏమీ లేదు.

కలిపే క్రమం

1. అన్నీ స్విచ్ ఆఫ్ చేసి, ప్లగ్గులు తీసేయండి. కరెంటు ఉండగా వైర్లు పెట్టడం, తీయడం వద్దు.

2. సెట్‌టాప్ బాక్స్‌ను టీవీ హెచ్‌డీఎంఐ 1కు, ఫైర్ స్టిక్‌ను ఇంకోదానికి పెట్టండి. ఆర్క్ రాసున్న పోర్టును ఖాళీగా ఉంచండి.

3. స్పీకర్ వైర్లు కలపండి. ప్రతి స్పీకరుకూ ప్లస్, మైనస్ ఉంటాయి. వైరులో ఒక తీగకు ఎర్ర గీతో, రంగో, గరుకు అంచో గుర్తు ఉంటుంది. ఆ తీగ రెండు చివర్లా ప్లస్‌లోనే ఉండాలి. ఒక స్పీకరుకు తారుమారైతే శబ్దం పలచబడి, మధ్యలో గుంత పడ్డట్టు వినిపిస్తుంది. తీగ పోగులు బయటికి చీలి పక్కదానికి తగిలితే ఆంప్లిఫయర్ కాలిపోవచ్చు, మెలిపెట్టి లోపలికి నొక్కండి.

4. స్పీకరు మార్చితే వెనక ఓమ్‌లు చూడండి. ఆంప్లిఫయర్ మీద 6 నుంచి 8 ఓమ్‌లు అని ఉంటే 4 ఓమ్‌ల స్పీకరు పెట్టొద్దు. వేడెక్కుతుంది.

5. టీవీ నుంచి హోం థియేటర్‌కు ఆ ఒక్క శబ్దం వైరు పెట్టండి.

6. ముందు టీవీ, తర్వాత హోం థియేటర్ ఆన్ చేయండి. వాల్యూమ్ బాగా తగ్గించి మొదలుపెట్టండి.

7. ఒక్కో వైరు పెట్టాక ఒక్కసారి వినండి. అన్నీ పెట్టేసి చివర్లో చూస్తే తప్పు ఎక్కడుందో దొరకదు.

టీవీలో మార్చాల్సినవి నాలుగే

వైరు పెట్టగానే శబ్దం దానంతట అదే మారదు. సెట్టింగుల్లోకి వెళ్లి 'సౌండ్' తెరవాలి.

సౌండ్ అవుట్‌పుట్: టీవీ స్పీకర్ మీద ఉంటుంది. ఆర్క్‌కో, ఆప్టికల్‌కో, హెడ్‌ఫోన్‌కో మార్చండి.

సీఈసీ: ఆర్క్ పనిచేయాలంటే చాలా టీవీల్లో ఇది ఆన్‌లో ఉండాలి. కంపెనీని బట్టి పేరు మారుతుంది. శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. ఇది ఆన్ చేస్తే టీవీ రిమోట్‌తోనే సౌండ్‌బార్ వాల్యూమ్ కూడా మారుతుంది.

డిజిటల్ ఆడియో: సౌండ్‌బార్, 5.1 సెట్టు డాల్బీ చదవగలిగితే ఆటో లేదా పాస్‌త్రూ. లేకపోతే పీసీఎం.

ఆడియో డిలే: బొమ్మ ఆలస్యమై మాట ముందుగా వస్తే ఈ అంకె కొంచెం కొంచెం పెంచాలి. మాటే ఆలస్యమైతే పెంచడం వల్ల లాభం లేదు. అంకెను సున్నాకు తెచ్చి, టీవీ బొమ్మను గేమ్ మోడ్ నుంచి మామూలు మోడ్‌కు మార్చి, బ్లూటూత్ బదులు వైరు పెట్టి చూడండి.

సెట్‌టాప్ బాక్స్ మెనూలో కూడా ఆడియో సెట్టింగు వేరే ఉంటుంది. టీవీ యాప్‌లలో శబ్దం వస్తూ, డిష్ చానెళ్లలో మాత్రం రాకపోతే అక్కడ డాల్బీ నుంచి పీసీఎంకు లేదా స్టీరియోకు మార్చి చూడాలి.

హాలులో ఏది ఎక్కడ?

12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు ఉన్న హాలు అనుకుందాం. టీవీ 12 అడుగుల గోడకు ఉంది. 55 ఇంచుల టీవీకి ఏడెనిమిది అడుగుల దూరం, 43 ఇంచులకు ఆరు అడుగుల దూరం హాయిగా ఉంటుంది.

ముందు స్పీకర్లు రెండూ టీవీకి ఇరువైపులా ఉండాలి. వాటి మధ్య దూరం, ఒక్కో స్పీకరు నుంచి మీరు కూర్చునే చోటుకున్న దూరం దాదాపు సమానంగా ఉంటే మంచిది. మూడూ కలిపితే సమాన భుజాల త్రిభుజం. గది చిన్నదైతే కాస్త దగ్గర పెట్టినా ఫర్వాలేదు.

సెంటర్ స్పీకరు టీవీ కిందే, బల్ల అంచు వరకు ముందుకు జరిపి, మనుషుల ముఖాల వైపు కొద్దిగా పైకి వంచి పెట్టాలి. షోకేసు లోపలికి నెట్టొద్దు. ఎదురుగా పూలకుండీ, ఫ్రేము అడ్డం రావొద్దు. సౌండ్‌బార్‌కూ ఇదే మాట.

వెనక స్పీకర్లు మరీ వెనక గోడకు కాదు, సోఫాకు రెండు పక్కలా కొంచెం వెనకగా, చెవి కంటే ఒకటి రెండు అడుగులు ఎత్తులో ఉండాలి. సోఫా గోడకు ఆనుకుని ఉంటే పక్క గోడలకు బిగించండి.

ఎత్తు దగ్గర మన ఇళ్లలో ఒక తేడా ఉంది. సోఫాలో కూర్చున్నవారి చెవి నేల నుంచి మూడు, మూడున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది. దస్తర్‌ఖాన్ వేసి కింద కూర్చుంటే ఇంకా కిందికి పోతుంది. టీవీని గోడకు అయిదారు అడుగుల ఎత్తున బిగిస్తే కింద కూర్చున్నవారి మెడ పట్టేస్తుంది, స్పీకరు శబ్దం తల పైనుంచి పోతుంది. బిగించేవాడు డ్రిల్లు తీయకముందే ఇంటివాళ్లు ఎక్కువగా ఎక్కడ కూర్చుంటారో అక్కడ కూర్చుని ఎత్తు చూసుకోవాలి.

సబ్‌వూఫర్‌ను మూలకు పెడితే దడదడ ఎక్కువ, స్పష్టత తక్కువ. మూల నుంచి ఒకటి రెండు అడుగులు జరిపి వినండి. ఫ్లాట్లలో కింద రబ్బరు షీటో మందపాటి ఫోమో వేస్తే కింది ఇంటివాళ్లకు అదురు తగ్గుతుంది. టైల్స్, ఖాళీ గోడలు ఉన్న గదిలో శబ్దం ప్రతిధ్వనిస్తుంది. ఒక ఖాలీను, మందపాటి కర్టెన్లు పడితే మాట వెంటనే తేటపడుతుంది.

రాత్రి పూట, పెద్దవాళ్ల కోసం

మక్కా సమయం మనకన్నా రెండున్నర గంటలు వెనక. రంజాన్‌లో అక్కడ రాత్రి 9 గంటలకు సాగే తరావీహ్ ఇక్కడ 11.30కి కనబడుతుంది. ఆ వేళకు పక్కింట్లో పిల్లలు నిద్రపోతుంటారు. పక్కింటివారి హక్కు సంగతి మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. చట్టం కూడా ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ పరిమితి.

తక్కువ శబ్దంలో స్పష్టంగా వినడానికి కొన్ని మార్గాలున్నాయి.

నైట్ మోడ్: పెద్ద శబ్దాలను తగ్గించి, చిన్న శబ్దాలను పెంచుతుంది. రాత్రికి ఇది ఆన్ చేస్తే రిమోట్ చేతిలో పట్టుకుని కూర్చోనక్కర్లేదు.

డైలాగ్ మోడ్: క్లియర్ వాయిస్, వాయిస్, న్యూస్ అనే పేర్లతోనూ ఉంటుంది. బయాన్‌కు, వార్తలకు బాగా పనికొస్తుంది.

సెంటర్ లెవెల్: 5.1 సెట్టులో ఒక్కో స్పీకరు శబ్దం విడిగా పెంచొచ్చు. సెంటర్ రెండు మూడు అంకెలు పెంచి, సబ్‌వూఫర్ రెండు మూడు తగ్గించండి. మొత్తం వాల్యూమ్ పెంచకుండానే మాట ముందుకొస్తుంది.

హాల్, స్టేడియం ఎఫెక్టులు ఆపండి: ఖిరాత్ వినేటప్పుడు మస్జిదులో గూంజు ఎలాగూ మైకులోనే వస్తుంది. దాని మీద ఇంకో గూంజు కలిపితే అక్షరాలు కలిసిపోతాయి. స్టీరియో లేదా స్టాండర్డ్ చాలు.

వినికిడి తగ్గినవారికి శబ్దం పెంచడం కన్నా వారి దగ్గరికి శబ్దాన్ని తేవడం మంచిది. కొన్ని టీవీల్లో హెడ్‌ఫోన్, స్పీకరు రెండూ ఒకేసారి మోగించే ఎంపిక ఉంటుంది. నానీకి హెడ్‌ఫోన్‌లో ఎక్కువ, మిగతావాళ్లకు స్పీకరులో తక్కువ. చెవి మిషను వాడేవారైతే బ్లూటూత్‌తో టీవీకి కలుస్తుందో లేదో దాన్ని ఇచ్చిన చోట అడగండి.

కరెంటు దగ్గర నిర్లక్ష్యం వద్దు

సెట్‌టాప్ బాక్స్‌నో ఆంప్లిఫయర్‌నో ముట్టుకుంటే చేతికి జివ్వుమంటే అది సరదా విషయం కాదు. సాకెట్‌లో ఎర్తింగ్ లేదని అర్థం కావొచ్చు. పాతబస్తీ లాంటి పాత ఇళ్లలో, అద్దె ఇళ్లలో ఇది మామూలు. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల్లో పెట్టేయడం ప్రాణానికే ముప్పు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించండి.

టీవీ, సెట్‌టాప్ బాక్స్, హోం థియేటర్ మూడూ కలిపినా ఒక మంచి స్పైక్ గార్డ్ మీద నడుస్తాయి. అదే బోర్డుకు ఇస్త్రీపెట్టె, హీటర్ మాత్రం పెట్టొద్దు. ఉరుములప్పుడు స్విచ్ ఆపడం సరిపోదు. ప్లగ్గు తీయాలి, డిష్ వైరు కూడా విప్పాలి. పిడుగు దెబ్బ ఆ వైరు గుండా కూడా వస్తుంది.

ఆంప్లిఫయర్ మీద గుడ్డ కప్పి నడపొద్దు, పైన సెట్‌టాప్ బాక్స్ పెట్టొద్దు. గాలి ఆడాలి. స్టాండు మీద టీవీ ఉన్న ఇంట్లో చిన్నపిల్లలుంటే టీవీని పట్టీతో గోడకు కట్టేయండి. పిల్లలు పట్టుకుని లాగితే మీద పడుతుంది.

గల్ఫ్ నుంచి తెచ్చిన సామాను

సౌదీ, దుబాయ్ నుంచి వచ్చిన సెట్టు పెట్టేముందు వెనక లేబుల్ చదవండి. '100-240 వోల్ట్స్, 50/60 హెర్ట్జ్' అని ఉంటే భయం లేదు, ప్లగ్గు మార్చుకుంటే చాలు. అక్కడి ప్లగ్గుకు చదరపు పిన్నులు మూడు ఉంటాయి. అమెరికా నుంచి వచ్చినదాని మీద 120 వోల్ట్స్ మాత్రమే ఉంటే మన 230 వోల్టులకు నేరుగా పెట్టొద్దు, క్షణంలో కాలిపోతుంది.

డిస్కులకు ప్రాంతం కోడ్ ఉంటుంది. డీవీడీలో మన దేశం 5, గల్ఫ్ 2. బ్లూ-రేలో మనది సీ, గల్ఫ్ బీ. అక్కడి ప్లేయర్‌లో ఇక్కడి డిస్కు ఆడకపోతే కారణం అదే కావొచ్చు. ప్రయాణికులు వెంట తెచ్చే ఫ్లాట్ టీవీలకు డ్యూటీ మినహాయింపును 2013 ఆగస్టులోనే ఎత్తేశారు. అక్కడ చవక అనిపించిన ధరకు కస్టమ్స్ సుంకం కలిపి లెక్కేసుకోవాలి.

కొనాల్సి వస్తే

పెట్టె మీద 'పీఎంపీఓ' వాట్లు వేలల్లో రాస్తారు. దాన్ని పట్టించుకోవద్దు. 'ఆర్‌ఎంఎస్' వాట్లు చూడండి, నికరంగా ఇచ్చే శక్తి అదే. 12 అడుగుల హాలుకు, మాట స్పష్టత కోసమే అయితే, సెంటర్ స్పీకరు ఉన్న 3.1 సౌండ్‌బార్ అయిదు చిన్న స్పీకర్ల చవక సెట్టు కన్నా మేలు.

బంగారు పూత హెచ్‌డీఎంఐ వైరుకు వేలు పెట్టక్కర్లేదు. డిజిటల్ సంకేతం అందితే అందుతుంది, లేకపోతే బొమ్మ ఆగిపోతుంది లేదా చుక్కలొస్తాయి. పూత వల్ల రంగులు మెరుగుపడవు. 4కే టీవీకి 'ప్రీమియం హై స్పీడ్' అని ధ్రువీకరణ ఉన్న రెండు మీటర్ల వైరు సరిపోతుంది.

32 ఇంచులు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాదు, 18 శాతం. ఎంఆర్‌పీలో పన్ను కలిసే ఉంటుంది, దాని పైన వేరే పన్ను అడిగితే ఇవ్వొద్దు. అన్ని పన్నులతో కలిపి రూ. 40,000 బిల్లు అయితే అందులో పన్ను సుమారు రూ. 6,100. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామంటే వారంటీ వదులుకున్నట్టే.

'నో కాస్ట్ ఈఎంఐ' సంగతి కూడా తెలుసుకోవాలి. పేరుకు వడ్డీ లేదు. క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్‌లో చాలాసార్లు వడ్డీ అని ఒక వరుస ఉంటుంది, అంత మొత్తం ధరలో ముందే డిస్కౌంట్ ఇచ్చి సరిచేస్తారు. ఆ వడ్డీ మీద జీఎస్టీ, పైన ప్రాసెసింగ్ ఫీజు అదనం. క్రెడిట్ కార్డుల సున్నా శాతం పథకాల్లో వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు రూపంలో దాచి వసూలు చేస్తున్నారని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులను హెచ్చరించింది. వడ్డీకి దూరంగా ఉండే కుటుంబాలు సంతకం పెట్టే ముందు ఒప్పందం కాగితం అడిగి తీసుకుని, దాన్ని చూపించే ముఫ్తీ సాహెబ్‌ను అడగాలి.

ఇబ్బంది వస్తే ముందు ఇవి చూడండి

శబ్దమే లేదు: హోం థియేటర్ రిమోట్‌లో సోర్స్ లేదా ఇన్‌పుట్ మార్చారా? వైరు ఆప్టికల్‌లో పెట్టి, ఇన్‌పుట్ ఆక్స్ మీద ఉంటే ఏమీ రాదు. తర్వాత టీవీ సౌండ్ అవుట్‌పుట్ చూడండి.

పాత హోం థియేటర్‌కు హెచ్‌డీఎంఐ పెట్టినా టీవీ శబ్దం రావట్లేదు: దాని పోర్టు పక్కన ఏఆర్‌సీ లేకపోతే అది తన డీవీడీ బొమ్మను టీవీకి పంపడానికి మాత్రమే. టీవీ శబ్దం వెనక్కి రాదు. ఆప్టికల్ లేదా ఎరుపు-తెలుపు వాడండి.

ఆర్క్ నిన్నటిదాకా పనిచేసి ఇవాళ ఆగింది: రెండిటి ప్లగ్గులూ తీసి రెండు నిమిషాలు ఆగి, మళ్లీ పెట్టండి. సీఈసీ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి.

'హూం' అని సన్నటి మోత: డిష్ లేదా కేబుల్ వైరు విప్పి వినండి. ఆగితే మోత ఆ వైరు గుండా వస్తోంది, ఐసొలేటర్ పెట్టించాలి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడే మోత వస్తే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉంటుంది.

ఒక స్పీకరు మూగ: పక్క స్పీకరు వైరును దానికి పెట్టి చూడండి. అప్పుడు మోగితే తప్పు వైరుదో ఆంప్లిఫయర్‌దో, స్పీకరుది కాదు.

బొమ్మ వచ్చిపోతోంది: హెచ్‌డీఎంఐ వైరు తీసి గట్టిగా పెట్టండి, వేరే పోర్టు, వేరే వైరుతో చూడండి.

ఇవన్నీ చూశాక కూడా పనిచేయకపోతే అప్పుడు మెకానిక్‌ను పిలవండి. ఏమేం చూశారో అతనికి చెప్పండి, లేని పార్టులు మార్చే పని తప్పుతుంది.

చివరగా, పని అయిపోయాక ప్రతి వైరుకూ రెండు చివర్లా చిన్న చీటీ అతికించండి: 'డిష్', 'స్టిక్', 'సౌండ్'. టీవీ రిమోట్‌లో నొక్కాల్సిన రెండు మీటల గురించి ఒక కాగితం మీద రాసి టీవీ పక్కన పెట్టండి. తెలిసిన కొడుకు దమ్మాంలోనో దోహాలోనో ఉంటాడు, ఇంట్లో అమ్మీ, అబ్బా మాత్రమే ఉంటారు. శబ్దం ఆగిన రాత్రి అతను ఫోన్‌లో "అబ్బా, 'సౌండ్' అని రాసున్న వైరు తీసి మళ్లీ పెట్టండి" అంటే సరిపోవాలి.